తిమింగలానికి కడచూపు

తీరానికి తిమింగలం కొట్టుకొచ్చిందన్న వీడియో పొద్దున్నే మా అక్క ఫోనుకు వచ్చింది. ఒంగోలు అవతల ఏదో పల్లె. అది బతికే ఉంది, జనం బిందెలతో నీళ్ళు పోస్తున్నారు.

"ఒరేయ్, కారు తియ్. అది పోయేలోపు చూడాల," అంది.

బావ పోయాక మాచర్ల దాటి ఎక్కడికి పిలిచినా రాని మనిషి. అందుకే మారుమాట లేకుండా తాళాలు తీసుకున్నాను.

తిన్నగా వినుకొండ మీదుగా పోతే సరిపోయేది. కానీ నాకు తిక్క కదా. ఎటూ గడప దాటింది, కొండలు చూపిద్దామని ఎర్రగొండపాలెం దారి పట్టాను. వానలు వెలిసిన నల్లమల పచ్చగా కళకళలాడుతోంది. కనుమలో మలుపు మలుపుకీ ఆపి, "అటు చూడక్కా, ఆ మబ్బు చూడు," అన్నాను.

"చానా బాగుంది గానీ పోనియ్ రా. అది మనకోసం ఆగుద్దా?" అంది. ముందుకెళ్ళి టీ కోసం మళ్ళీ ఆపాను. ఆ టీ ఇప్పటికీ నా గొంతు దిగలేదు.

ఆమె తొందర దేనికో నాకు తెలుసు. తెలిసీ తెలియనట్టు నటించాను. కరోనాలో బావ గుంటూరు ఆసుపత్రిలో పోయాడు. అక్కకూ జ్వరమే, కదలలేని స్థితి. ఆమెకు కడచూపు దక్కలేదు. నేనొక్కణ్ణే వెళ్ళొచ్చాను. మొహం ఎట్టా ఉందని గుమ్మంలోనే అడిగింది. "నిద్రపోతున్నట్టే ఉన్నాడక్కా," అన్నాను.

మేం తీరం చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇసుకలో పెద్ద దిబ్బ, పక్కన జేసీబీ. అక్క చెప్పులు చేత్తో పట్టుకుని దిబ్బ దాకా నడిచింది.

"ఈసారి కూడా నేనొచ్చేలోపే కప్పేశారా?" అంది. ఎవరిని అడిగిందో తెలియదు. నాకు ఏడుపొచ్చింది.

వల సర్దుకుంటున్న పెద్దాయన దగ్గరికొచ్చాడు. "పదకొండింటికి ఊపిరి ఆగిందమ్మా. వాసనొస్తదని ఇప్పుడే పూడ్చారు. గంట ముందొస్తే చూసేవోళ్ళు."

"మొహం ఎట్టా ఉంది?"

"దానికేంది తల్లీ, నిద్రపోతున్నట్టే ఉంది."

అక్క నావైపు తిరిగింది. "అందరూ ఇదే చెప్తార్రా."

ఇంక దాచలేకపోయాను. బావ మొహం నేనూ చూడలేదని చెప్పేశాను. తల నుంచి కాళ్ళ దాకా సంచిలో చుట్టేశారనీ, జిప్పు తియ్యనివ్వలేదనీ, నేనూ భయపడి గట్టిగా అడగలేదనీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. అక్క వంగి ఆ దిబ్బ మీద చెయ్యి వేసింది.

"మరి లోపలుంది మీ బావేనని ఎట్టా తెలుసురా?"

"సంచికి అంటించిన చీటీ మీద పేరుందక్కా," అన్నాను.

ఆ చీటీ కూడా దూరం నుంచే చూశానని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.