బొటనవేలు ఎత్తి పట్టుకో

పద్నాలుగేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. రాసేముందు ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను. రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

నేను వడ్రంగిని. గోదావరి వైపు నుంచి వచ్చి ఇబ్రహీంపట్నంలో స్థిరపడ్డాను. ఔటర్ రింగ్ రోడ్డు పడుతున్న రోజులవి. ఎటు చూసినా విల్లాలే, తలుపులకూ కిటికీలకూ పనివాళ్లు చాలేవారు కాదు. ఆ ఊపులో రాణిగంజ్ మిషన్ల కొట్లకు వెళ్లి ఒక విదేశీ కట్టర్ కొన్నాను. కట్టర్ అంటే చేత్తో పట్టుకుని చెక్క కోసే కరెంటు రంపం. మా చుట్టుపక్కల అంత ఖరీదైనది ఎవరి దగ్గరా లేదు. ఆ సంగతి అడిగినవాళ్లకూ చెప్పాను, అడగనివాళ్లకూ చెప్పాను.

మొదటి వారంలోనే లోపం తెలిసింది. స్విచ్‌ను నొక్కి ఉంచే చిన్న బొత్తాం సరిగ్గా బొటనవేలి కింద ఉంది. పట్టు బిగిస్తే అది తనంతట తానే దిగిపోతుంది. ఇక స్విచ్ వదిలినా రంపపు చక్రం ఆగదు. ఒకసారి నా లుంగీ అంచు చీరేసింది. ఆ రోజే తీసుకెళ్లి కొట్టువాడి బల్ల మీద పడేయాల్సింది. కానీ ఊరంతా గొప్పలు చెప్పి ఇప్పుడు ముఖం ఎక్కడ పెట్టుకోను? బొటనవేలు ఎత్తి పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. కొన్నాళ్లకు అదే అసలు పద్ధతని, అంత పెద్ద కంపెనీ వాళ్లకు తెలియకుండా ఉంటుందా, మన చేతులే మోటువని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదే కట్టర్ కొన్న బడంగ్‌పేట్ మేస్త్రీ అయితే తప్పంతా వోల్టేజీ మీదికి నెట్టాడు. మేమిద్దరం కలిస్తే దాని మోటారును మాత్రం తెగ పొగిడేవాళ్లం.

దసరాకు ఆయుధపూజ చేశాను. ఉలులు, బాడిసెలు, చిత్రికలు పక్కకు జరిపి కట్టర్‌ను నడిమధ్య కూర్చోబెట్టాను. పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూలు వేశాను. తోటి వడ్రంగులు వచ్చారు. వాళ్లలో రావిర్యాల యాదయ్య ఒకడు. నాకంటే పనిమంతుడు. తనూ అదే కట్టర్ కొనాలని చూస్తూ, అంతకుముందు వారం నాది ఒక పూట వాడి చూశాడు.

"అన్నా, నిజం చెప్పు. గీ మిషన్ల ఏమన్న ఖరాబున్నదా? మొన్న స్విచ్ ఇడిసిపెట్టినా తిరుగుతనే ఉండె," అన్నాడు.

కొబ్బరికాయ నా చేతిలో ఉంది. అందరూ నావైపే చూస్తున్నారు. పూజలో పెట్టినదాన్ని పదిమందిలో తప్పుపట్టడమా?

"మిషన్ బంగారం యాదయ్యా. నీ చెయ్యే ఇంకా కుదరలేదు. బొటనవేలు ఎత్తి పట్టుకో, అదే పద్ధతి," అన్నాను.

"గట్లనా? అయితే నా అలవాటే తప్పన్నట్టు," అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వి కొబ్బరికాయ కొట్టాను.

నా మాట మీద కొన్నాడు. ఎండాకాలం, ఒక విల్లాలో గుమ్మం చెక్క కోస్తున్నాడు. చేతులకు చెమట, పట్టు బిగించాడు. చెక్కలో ముడి తగిలి కట్టర్ ఎగిరింది. స్విచ్ వదిలేశాడు. చక్రం ఆగలేదు. ఎడమచేతి మూడు వేళ్లు పోయాయి.

దవాఖానలో అందరూ ఎట్లా జరిగిందని అడిగారు. యాదయ్యే చెప్పాడు, బొటనవేలు ఎత్తడం మరిచిపోయానని. అన్న ముందే చెప్పాడని నన్ను చూపించాడు కూడా. నేను తల ఊపాను. ఎందుకు ఊపాను? మిషన్ పరువు కోసమా? దానికి పరువేమిటి! కాపాడుకున్నది నన్ను నేనే. ఆ తల ఊపడం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

తర్వాత అతను ఉలి పట్టలేదు. ఇప్పుడొక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్. ఎదురైతే నవ్వుతూ పలకరిస్తాడు, చాయ్ తాగమంటాడు. కొత్తగా కట్టర్ కొన్న వడ్రంగులకు ఆ చెయ్యి చూపించి, తనలా అజాగ్రత్తగా ఉండొద్దని చెబుతాడట.

అతనికి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. మిమ్మల్ని క్షమించమని అడగను, పోయిన వేళ్లు మీవి కావు. ఒక్కసారి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపించింది, అంతే. యాదయ్య చేతిలో ఏ తప్పూ లేదు. తప్పు కట్టర్‌ది. అది నాకు ముందే తెలుసు.