ఎరుపెక్కిన జరీ

పోయిన నెల మా ఇంట్లో మగ్గం పని నేర్చుకునే అమ్మాయి ఒకతె, నేను కుడుతున్న జాకెట్టు చేతిని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "ఆంటీ, ఇది బంగారు జరీనే గదా, ఎర్రగా యట్ల మెరుస్తాంది? ఇట్లాంటి జరీ యాడ దొరుకుతాది?" అని అడిగింది. ప్రొద్దుటూరు అంగళ్ళలో ఏ రంగు జరీ కావాలన్నా దొరుకుతుంది గానీ ఇది దొరకదు, కుట్టుకోవాల్సిందే. ఎట్లా కుట్టాలో చేసి చూపించాను. ఎందుకు కుట్టాల్సి వచ్చిందో చెప్పాలంటే ఒక పూట పడుతుంది, ఆ పిల్లకేమో రాజుపాలెం బస్సు టైమైంది. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

మాది జమ్మలమడుగు. నాయన మిషన్ బడిలో అయ్యవారు. మా వాళ్ళల్లో ఆడపిల్లంటే టీచరు ట్రైనింగుకు పోవాలి, లేకుంటే నర్సు ట్రైనింగుకు పోవాలి. నాకు రెండూ పట్టలేదు. ఒకసారి చర్చిలో బల్ల మీద పరిచే తెల్లగుడ్డకు తెల్లదారంతో అంచు కుట్టమంటే, చూసేదానికి ఏముంటుందని నారింజ రంగు తీగలు పాకించాను. పాస్టరుగారు దాన్ని మడిచి బీరువాలో పెట్టారు, ఆ గుడ్డ మళ్ళీ బల్ల ఎక్కలేదు. అది చూసిన మా పిన్నమ్మ, "దీన్ని బడిలో పెడితే బడి చెడుతుంది, నా కాడికి పంపు" అని నన్ను ప్రొద్దుటూరికి పిలుచుకుపోయింది. ఆమె అద్దెకున్న సందులో పగలంతా కంసాలి సుత్తుల చప్పుడు, బంగారం మెరుగుపెట్టే ద్రావకం ఘాటు. ఆ ఘాటుకు ముక్కు మూసుకుంటూ నాలుగడుగులు వేస్తే ఖాలా ఇల్లు. ఖాలా అంటే ఉర్దూలో పిన్నమ్మే, కాబట్టి ఆ సందులో నాకు ఇద్దరు పిన్నమ్మలు. ఒకామె అన్నం పెట్టింది, ఒకామె పని పెట్టింది.

ఖాలా పుట్టిల్లు హైదరాబాదు. జర్దోసి పని అక్కడ నేర్చుకుని, పెండ్లయి వస్తూ చేతుల్లో పెట్టుకుని తెచ్చుకుంది. చాలా రోజులు నన్ను రంగు ముట్టనియ్యలేదు. గుడ్డను మగ్గం చట్రానికి తప్పెట చర్మంలా బిగించడం, జరీ తీగను దాని మీద పరుచుకుంటూ పోవడం, అంతే. తీగ గుడ్డలోకి దిగదు, పైన పడుకుని ఉంటుంది. దాన్ని సన్నని పట్టుదారంతో అక్కడక్కడా కట్టేయాలి. ఆ కుట్టు కంటికి కనపడకూడదు, అందుకే జరీ రంగు దారమే వాడాలి. నేనేమో ఆమె నమాజుకు లేచినప్పుడల్లా ఒక మూల నీలం దారంతోనో, వంకాయ రంగుతోనో కట్టి చూసేదాన్ని. ఖాలా వచ్చి చూసి, "అరె బేటీ, బంగారానికి దెబ్బలు తగిలినట్టుండాదే" అనేది. విప్పించేది. మళ్ళీ కుట్టేదాన్ని. నాది తప్పని నాకెప్పుడూ అనిపించలేదు, ఇంకా కుదరలేదనే అనిపించేది.

అప్పట్లో మా పక్క ఊర్లన్నీ రెండుగా చీలి ఉండేవి. టీకొట్టు, బస్సులో సీటు, చివరికి గోడకు కొట్టే సున్నం కూడా ఏదో ఒక పార్టీదే. ఒకనాటి మధ్యాహ్నం మా సందు మొగదల జీపు ఆగింది. భయంతో ఇండ్ల తలుపులు టపటపా పడ్డాయి, సుత్తులు ఆగాయి. దిగింది జమ్మలమడుగు అవతల ఒక ఊరి పెద్దాయన కూతురు, వాళ్ళమ్మ, మేనమామ. పెండ్లి జాకెట్టు కుట్టించాలని వచ్చారు. అమ్మాయి మెరూన్ పట్టుచీర విప్పింది. బంగారు జరీ అంచు ధగధగలాడుతోంది. మేనమామ దాన్ని చూడకుండా గోడ వైపు తిరిగి, "ఏమైనా కుట్టండి, పసుపుపచ్చ దారం మాత్రం కనపడగూడదు. అది ఎదుటోళ్ళ జెండా రంగు" అన్నాడు. "జరీ అదే రంగు గదప్పా" అంది ఖాలా. "వెండి జరీ పెట్టు" అన్నాడాయన.

అమ్మాయి చీర మడత పెట్టుకుంది. కొలతలు తీసేదానికి లోపలికి తీసుకుపోతే అప్పుడు నోరు తెరిచింది. "అక్కా, ఈ చీర మాయన్న తెచ్చినాడు. నా పెండ్లికని ముందే కొనిపెట్టినాడు. ఎలక్షన్లప్పుడు ఎదుటోళ్ళు వాన్ని చంపేసినారు. మామ ఈ చీరే వద్దన్నాడు. చీర ఉండనీ, జాకెట్టు నువ్వు చెప్పినట్టే కుట్టిస్తా అని ఒప్పుకున్న్యా. అంచుకు కలవకపోతే నలుగురిలో ఏందిది అతుకు మాదిరి అంటారు. యట్లన్నా చెయ్యక్కా." ఏడవలేదు. నా చేతిలోని టేపు చివర పట్టుకుని వదల్లేదు.

వాళ్ళు పోయాక ఖాలా, "వద్దని కబురు పంపుదాం. వాళ్ళ గొడవలు మన ఇంటికొస్తాయి" అంది. ఆమె భయంలో న్యాయముంది, ముగ్గురు ఆడపిల్లలున్న ఇల్లు. "నాకు వారం టైమియ్యి ఖాలా" అన్నాను. మొదట నీలం దారంతో జరీ కట్టి చూశాను. బంగారం మీద నీలం పడితే ఆకుపచ్చగా కనిపించింది. మా పిన్నమ్మ చూసి, "దానికీ ఒక జెండా ఉండాదిలే. ఇంగ రంగు లేని దారమేమన్నా ఉంటే వెతుక్కో" అంది. రాగి తీగ కలిపితే తుప్పులా ఉంది. తర్వాత ఎర్ర పట్టుదారం తీసుకున్నాను. ఎరుపుకూ జెండా ఉంది గానీ మా పక్క ఊర్లలో దాని మీద ఎవరికీ పగ లేదు. జరీ పువ్వు అంచుల దగ్గర కుట్లు చిక్కగా, ఒకదానికొకటి ఆనుకునేలా వేశాను. లోపలికి పోయేకొద్దీ ఎడం చేశాను. దూరంగా నిలబడి చూస్తే పువ్వంతా ఎరుపు. గుడ్డ కదిలితే మాత్రం లోపల నుంచి బంగారం కణకణమని, ఊదితే రగిలే బొగ్గులా వెలిగింది. ఖాలా చాలాసేపు చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. "విప్పొద్దు" అంది. ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు.

జాకెట్టు ఇచ్చేదానికి నేనే పోయాను. పిన్నమ్మ వద్దంటే వద్దంటూనే తోడొచ్చింది, బస్సులో దారి పొడుగునా ప్రార్థన చేసుకుంటూ. ఆ ఇంటి మిద్దె మీద మనుషులు కాపలా ఉన్నారు. మేనమామ జాకెట్టును ఎండలోకి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పాడు. "ఏమ్మే, లోపల మెరిసేది ఏంది?"

"బంగారం మామా" అన్నాను. దాచేదేముంది? "పైన కట్టింది ఎరుపు. వెనక్కి తిప్పి చూడు."

తిప్పాడు. జరీ గుడ్డలోకి దిగదు కదా, వెనక ఎర్ర కుట్లే తప్ప ఇంకేమీ లేవు. అయినా ఆయన మొహం విప్పారలేదు. నోరు తెరవబోతుండగా మంచం మీద కూర్చున్న పెద్దాయన, అమ్మాయి నాయన, చెయ్యి చాపాడు. జాకెట్టును చీర అంచు పక్కన పెట్టి చూశాడు. రెండూ కలిసిపోయాయి. ఆయన అంచును బొటనవేలితో రుద్దుతూ, "వాడు తెచ్చింది గదా ఇది" అన్నాడు భార్యతో. కొడుకు పోయాక ఆ ఇంట్లో వాని మాట ఎవరూ ఎత్తలేదని అమ్మాయి తర్వాత చెప్పింది. వాళ్ళమ్మ గోడకానుకుని అప్పుడు ఏడ్చింది. మేనమామ చెప్పులేసుకుని బయటికి పోయాడు. "తొడుక్కో పో" అన్నాడు పెద్దాయన కూతురితో.

ఆ పెండ్లిలో జాకెట్టును చూసినవాళ్ళు ఊరికే ఉంటారా? వేంపల్లె నుంచి, పులివెందుల నుంచి ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. ఎదుటి వర్గం వాళ్ళూ వచ్చారు. ఒక్కోసారి రెండు వర్గాల ఆడవాళ్ళు ఖాలా చాప మీద పక్కపక్కనే కూర్చుని, ముందు మొహాలు తిప్పుకుని, కాసేపటికి ఒకరి పువ్వు ఒకరు అడిగి చూసుకునేవాళ్ళు. ఆ పనితోనే నేను నా కాళ్ళ మీద నిలబడ్డాను. ఖాలా పెద్ద కూతురికి పెండ్లి జాకెట్టు నేనే కుట్టాను, నాకిష్టమైన రంగుల్లో. ఆమె ఒక్క కుట్టూ విప్పించలేదు.

ఆ మెరూన్ చీర పెండ్లికూతురు ఇప్పుడు పులివెందులలో ఉంటుంది. మధ్యలో వాళ్ళ మేనమామ కండువా మార్చి ఆ పసుపు పార్టీలోనే చేరాడు, మనవరాలి పెండ్లికి బంగారు జరీ దండిగా పెట్టమని నాకే ఫోను చేయించాడు. "నవ్వాల్నో ఏడవాల్నో తెలీలేదక్కా" అంది ఆమె, నేను ఆ ఫోను సంగతి ఎత్తితే. మళ్ళీ తనే, "మాయన్న ఉంటే వానికీ మనవరాండ్లు ఉండేవాళ్ళు" అంది. ఇన్నేండ్లలో పార్టీలు మారాయి, కండువాలు మారాయి, మా అందరి తలలూ నెరిశాయి. ఆ పిల్లవాని వయసు ఒక్కటే అక్కడే ఆగిపోయింది.