అత్తగారికి ఎదురుపడని పెద్దమనిషి

పాయాతుబ్బికి నాలుగేళ్లదాకా మాటలు రాలేదట. వచ్చాక మరి ఆగలేదు. ఆ నోటి చలవతోనే అమెరికాలోని చికసా తెగవాళ్లు నలభై మందికి పెద్దయ్యాడు. అంతటి మాటకారీ అత్తగారు మొలేహోయ అలికిడి వింటే చాలు, దుప్పటి ముసుగేసుకుని అటు తిరిగిపోయేవాడు. అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూడకూడదు, మాట్లాడుకోకూడదు. తాతలనాటి మర్యాద. పాతికేళ్లుగా ఇద్దరూ దాన్ని మీరలేదు.

ఇంతలో తెల్లవాళ్లు భూములు లాక్కున్నారు. జనమంతా పడమటికి పోవాలి. మిసిసిపీ నది ఒడ్డున స్టీమరు కూతలు పెడుతుంటే, మొలేహోయ తన ముసలి గుర్రాన్ని వదిలి రానని దాని పక్కన చతికిలబడింది. ఆమె కదలందే కూతురు కదలదు. కూతురు కదలందే ఆ ఇంటివాళ్లెవరూ కదలరు. పాయాతుబ్బి ఒక్కడే పడవెక్కితే ఇక ఎవరికి పెద్ద?

"ఏమయ్యా, ఊరందరికీ చెప్తావు, మా అమ్మకి చెప్పలేవా?" అంది భార్య.

ఆయన వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్లి గుర్రం చెవి పట్టుకున్నాడు. "ఇదిగో గుర్రమ్మా, నీ పక్కనున్న పెద్దావిడతో చెప్పు. గుర్రాలు అడవిదారిన వస్తాయి, మనుషులు పడవెక్కాలి. మనల్ని తరలించే ఆఫీసరు మాట."

మొలేహోయ కూడా గుర్రంతోనే అంది: "ఆ ముసుగాయనతో చెప్పవే. అంత లావు ఆఫీసరుకి పడవలో చోటుంటే, బక్కదానివి నీకెందుకు లేదో కనుక్కోమను."

జనం పడీపడీ నవ్వారు. పాయాతుబ్బి తిన్నగా ఆఫీసరు దగ్గరికెళ్లి మొదలెట్టాడు. ఆయన మాటలు తర్జుమా చేసీ చేసీ మధ్యాహ్నానికి దుబాసీ గొంతు బొంగురుపోయింది. "ఆ గుర్రాన్ని ఎక్కించండి, ఈయన నోరు మూయించండి!" అని అరిచాడు ఆఫీసరు.

పడవ కదిలింది. ముందువైపు గుర్రం పక్కన అత్తగారు కూర్చుంది. పెద్ద కూడా ముందే ఉండాలి కదా, అందుకని గుర్రానికి ఇవతల ఆమెకు వీపుపెట్టి వెనక్కి తిరిగి కూర్చున్నాడు. పుట్టిన నేల ఆయన కళ్లెదుటే చిన్నదైపోతోంది.

"ఆ ముసుగాయన్నడగవే, మన ఒడ్డు ఇంకా కనిపిస్తోందా?" అంది మొలేహోయ. తల తిప్పితే అల్లుడు కనిపిస్తాడని ఆమె భయం.

"కనిపిస్తోందని చెప్పు," అన్నాడు.

నది మలుపు తిరిగింది. ఒడ్డు మాయమైంది. ఆమె మళ్లీ అడిగింది.

"కనిపిస్తోందనే చెప్పు, గుర్రమ్మా." పాతికేళ్లలో అత్తగారితో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే.