మిట్టమధ్యాహ్నపు తూకం

ఈ ఉదయం మా ఆఫీసు ఆవరణలో గడ్డి కోసే యంత్రం మొదలైంది. పెట్రోలులో ఆయిలు కలిసి కాలే వాసన కిటికీలోంచి రాగానే నా చేతిలో పని ఆగిపోయింది. నాకు అది ఓబులేసు సార్ వాసన. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, హిందూపురంలో ఒక పాలిటెక్నిక్ వర్క్‌షాపులో నేను సహాయకురాలిగా చేరినప్పుడు ఆయన అక్కడ ఇన్‌స్ట్రక్టరు. రిమోటుతో ఎగిరే పెద్ద విమానాలంటే ఆయనకు పిచ్చి. ఆయన కట్టిన విమానం రెక్కల పక్కన నేను పడుకున్నా ఇంకా రెండు జానెలు మిగిలేది. అది గాలిలో పల్టీలు కొట్టాలి, ముక్కు పైకెత్తి నిటారుగా నిలబడాలి. అలా నిలబడినప్పుడు రెక్కలు ఎందుకూ పనికిరావు, బరువంతా ఇంజనే మోయాలి. అలాంటి ఇంజను కోసం ఆయన నాలుగేళ్లు వెతికారు.

చివరికి బెంగుళూరులో తెలిసినాయన దగ్గర నుంచి రెండు పాత ఇంజన్లు పరీక్షకు తెచ్చారు. ఒకటి తళతళలాడేది. రెండోది చెట్లు కోసే మోటారు రంపంలోంచి తీసి మలచినది, మసి పట్టి చూడ్డానికే దిగులుగా ఉండేది. ఇంజనును విమానానికి బిగించి, తోకకు తాడు కట్టి, మధ్యలో చెనిక్కాయ (వేరుశనగ) మూటలు తూచే స్ప్రింగు కాటా తగిలించి గుంజకు కట్టేశాం. పొద్దున్నే తళతళలాడేది పన్నెండు కిలోలు లాగింది. నేను చప్పట్లు కొట్టాను.

"ఆగు పాపా. చల్లపొద్దులో అన్నీ బాగానే లాగుతాయి. ఎండ నడినెత్తికి రానీ" అన్నారు సార్.

"అంతవరకూ ఈడే కూచోవాల్నా సార్?"

"కూచోవాల. అది ఎగిరేది మన ఎండలో కదా."

వేడికి గాలి పలచబడి ఇంజను బలం తగ్గుతుంది. మధ్యాహ్నానికి అందగాడి ముల్లు తొమ్మిది దగ్గర కూలబడింది. మసిదానిది పదకొండు నుంచి పదిన్నరకు దిగి అక్కడే నిలిచింది. విమానం బరువు ఏడు కిలోలు. రెండూ మోస్తాయి, అయినా ఎండకు తక్కువ కుంగిన మసిదాన్నే సార్ ఎంచుకున్నారు. తర్వాత్తర్వాత మా ఆయన్ని కూడా, ఆయన మంచి కోపంలో ఉన్నప్పుడు చూశాకే నేను పెళ్లికి ఒప్పుకున్నాను.

చిలమత్తూరు దారిలో ఒక బీడులో ఎగరేశాం. విమానం ఆకాశంలో నిటారుగా నిలబడింది. సార్ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. దించేసరికి పక్క చేల రైతులు ఆరుగురు వచ్చి నిలబడ్డారు. వాళ్లలో పెద్దవాడు నాగప్ప, పైన పలచటి మబ్బుల వైపు చెయ్యి చూపించాడు.

"సార్, మీ ఇమానం పొగకు మోడాలు చెదిరిపోతాండాయి. విత్తనమేసి ఇరవై దినాలాయ, చుక్క వాన లేదు. ఇంక ఎగరేయాకండి."

"ఏమప్పా, ఆ మోడం యాడ, ఇది యాడ!" అని నేను ఎగిరిపడ్డాను. సార్ చెయ్యెత్తి నన్ను ఆపారు. నాగప్ప పిడికిట్లో వాడిపోయిన చెనిక్కాయ మొక్క ఉంది.

"సరేనప్పా, ఎగరేయను" అన్నారు సార్.

బస్సులో ఆయనతో పోట్లాడాను. అది నిజం కాదని తెలిసీ ఎట్లా ఒప్పుకున్నారని అడిగాను. "తెలుసు పాపా. ఆ మొక్క చూసినాక నోరు రాలేదు" అన్నారు. నాలుగేళ్లు వెతికి తెచ్చిన ఇంజను ఆయిలు గుడ్డలో చుట్టుకుని బీరువాలోకి పోయింది. ఆ ఏడూ వాన పడలేదు, మరుసటి ఏడూ పడలేదు.

మూడో ఏడు నాగప్ప వర్క్‌షాపుకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"ఇమానం ఎగరేయండి సార్."

"ఎందుకప్పా?"

"మీరు ఎగరేసేటప్పుడు తిట్టుకునేదానికి ఒకటుండె. ఇప్పుడు ఎవుర్ని తిట్టాల?"

సార్ బీరువా తెరిచారు. ఇంజనులో గట్టిపడిన రబ్బరు మార్చి, మర్నాడు మధ్యాహ్నం అదే బీడుకు తీసుకుపోయారు. మసి ఇంజను మమ్మల్ని మోసం చేయలేదు. విమానం మళ్లీ నిటారుగా నిలబడింది. నాగప్ప చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. ఈ చివర నుంచి ఆ చివరకు ఆకాశం తెల్లగా మండుతోంది. తిడతాడని ఎదురుచూశాం.

"చెదరగొట్టేదానికైనా ఒక మోడం ఉండాల కదా సార్" అని అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాడు.

సార్ మళ్లీ ఎగరేయలేదు. ఉద్యోగం దిగిపోయే రోజు కాటా నా చేతిలో పెట్టారు, ఏడాది తిరక్కముందే పోయారు. ఇప్పటికీ ఏదైనా ఎంచుకోవాల్సి వస్తే, దాన్ని మండే ఎండలో ఒకసారి చూడందే నేను నమ్మను. వాన మీద ఆశను మాత్రం తూచడం మానేశాను. నాగప్ప కూలబడిన మధ్యాహ్నం, ఆ బీడులోనే దానికి తూకం అయిపోయింది.