అందరికీ నలభై

లెక్కల టీచరుకు ఓర్పు ఉండాలంటారు. అది నాకు లేదు. దశాంశ బిందువు ఒక్క అంకె అటో ఇటో పడితే చాలు, కోపం నెత్తికెక్కుతుంది. పైగా మా బడి ఉన్న చోటు అలాంటిది. అబిడ్స్ వెనక సందులో కింద చెప్పుల దుకాణాలు, పైన మేము. కిటికీ తెరిస్తే బేరాలు వినిపిస్తాయి, మూస్తే ఉక్కపోస్తుంది. నేను లోపల ఒక అంకె చెబితే కింద ఎవరో దాన్ని సగానికి అడుగుతుంటారు. పిల్లలు నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది కానీ పైకి కనిపించనివ్వను.

మా కరస్పాండెంట్ గారు అసలు బట్టల వ్యాపారి. బడి ఆయనకు మామగారి వైపు నుంచి వచ్చిందంటారు. మనిషి మంచివారే, జీతాలు ఆపిన పాపాన పోలేదు. కాకపోతే లోకంలో దేన్ని చూసినా బట్టలాగే చూస్తారు. కొత్త టీచరు వస్తే పైనుంచి కిందికి చూసి "గట్టిగనే ఉన్నది" అంటారు. అది మెచ్చుకోలే అని అర్థం కావడానికి మాకు కొంతకాలం పడుతుంది.

మా బడిలో తొమ్మిదో తరగతికి రెండు సెక్షన్లు. పదో తరగతికి వచ్చేసరికి రెంటినీ ఒకటిగా కలిపేస్తారు, లెక్కలు ఒక్కరే చెబుతారు. రెండోవారు కింది అంతస్తుకు దిగి ఆరో తరగతికి భిన్నాలు చెప్పుకోవాలి. బి సెక్షన్ పిల్లలకు నేను ఆరు నుంచీ చెబుతున్నాను. వాళ్ళు పదో తరగతి గట్టెక్కేదాకా నేనే ఉండాలని నా పంతం. పంతం కాదు, ప్రేమే. కానీ ఆ మాట వాళ్ళ ముందు అన్నానంటే ఇక నా మాట వింటారా?

ఎ సెక్షన్ సారు నాకు పూర్తిగా వ్యతిరేకం. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి గొంతు. ఆయన క్లాసు ముందు నుంచి నడిస్తే లోపల పిల్లలున్నారో లేరో తెలియదు. నా క్లాసు లక్డీకాపూల్ దాకా వినిపిస్తుందని స్టాఫ్‌రూమ్‌లో అందరూ అంటారు.

ఆ ఏడాది కరస్పాండెంట్ గారు ఒక షరతు పెట్టారు. అర్ధ సంవత్సర పరీక్షల్లో ఏ సెక్షన్ సగటు ఎక్కువైతే ఆ టీచరుకే పదో తరగతి. మార్కులు కూడి, భాగించి చూస్తే రెండు సెక్షన్లకూ అరవై రెండే వచ్చింది. ఆయన క్యాలిక్యులేటర్‌ను దులిపి మళ్ళీ చేశారు. అదే అరవై రెండు.

"ఇగ చిట్టీలు ఏసుడే," అన్నారు ఆయన.

అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. సగటు పేరుతో చిట్టీలు వేస్తామంటే నేను ఊరుకోగలనా?

"సగటు ఒక్కటి చూస్తే ఎట్ల సార్? మార్కులు ఎంత చెదిరి ఉన్నయో కూడ చూడాలె," అన్నాను. ఎ సెక్షన్‌లో అందరూ యాభై అయిదుకూ డెబ్బైకీ మధ్యే ఉన్నారు. నా దగ్గర వంద తెచ్చుకున్న పిల్ల ఉంది, పన్నెండు తెచ్చుకున్న పిల్లవాడూ ఉన్నాడు. అలాంటి గుంపును అరవై రెండు దాకా లాక్కురావడం ఎంత కష్టమో ఆయనకు తెలియాలని నా ఆశ. "నాంపల్లి టేషన్ల మీ రైలు ఒక దినం ఇరవై నిమిషాలు ముందే పోయింది, ఇంకో దినం ఇరవై నిమిషాలు లేటు పోయింది అనుకోండ్రి. సగటు తీస్తే టైముకే పోయినట్టు. కాని మొదటి దినం మీకు రైలు దొరకలే కద?"

ఆయన క్యాలిక్యులేటర్ పక్కన పెట్టారు. "రైలు ముందు పోవుడు నా ఇన్నేండ్ల ఉమర్ల చూడలే మేడం," అన్నారు.

ఎ సెక్షన్ సారు మెత్తగా దగ్గాడు. అంతలో కరస్పాండెంట్ గారి ముఖం వెలిగింది. బట్టల థాను విప్పి చూపిస్తున్నట్టు రెండు చేతులూ బారుగా చాపారు. "ఆఁ, సమజైంది! థానుల ఈ కొసకు ఆ కొసకు రంగు ఫరక్ ఉంటే గిరాకి వాపస్ తెస్తడు. ఫరక్ తక్కువుంటే మాల్ మంచిది. గంతే కదా? అయితే మీ మాల్ల ఫరక్ జాస్తున్నది మేడం."

కొరివితో తల గోక్కున్నట్టయింది నా పని. వార్షిక పరీక్షలకు ముందు మా బడిలో ఒక నమూనా పరీక్ష పెడతారు. అందులో ఎవరి ఫరకు తక్కువుంటే వాళ్ళకే పదో తరగతి అని ఆయన తేల్చేశారు. సగటు ఊసే లేదు. కొత్త విద్య నేర్చుకున్న ఉత్సాహంలో పాతదాన్ని పూర్తిగా వదిలేశారు.

చిరాకుతో క్లాసుకు వెళ్ళి బోర్డు మీద ఒక గీత గీశాను. దాని మీద వాళ్ళ మార్కులన్నీ చుక్కలుగా పెట్టాను. ఆరేసిన వడియాల్లా ఈ చివర నుంచి ఆ చివరకు చెదిరిపోయి ఉన్నాయి. పెద్ద మార్కులోంచి చిన్న మార్కు తీసేస్తే వచ్చేది వ్యాప్తి అని చెప్పాను. సగటుకు ఒక్కొక్కరూ ఎంత దూరంలో ఉన్నారో కొలిచేది ప్రామాణిక విచలనమని, అది పై తరగతుల్లో వస్తుందని కూడా చెప్పాను. చివరికి కరస్పాండెంట్ గారి షరతు చెప్పి, "వ్యాప్తి తగ్గాలె. తగ్గకుంటే వచ్చే ఏడు నేను ఆరో తరగతిల ఉంట," అన్నాను.

కింద ఉన్నవాళ్ళు పైకి రావాలన్నది నా ఉద్దేశం. ఆ ముక్క మాత్రం పైకి అనలేదు. అంత తెలిసిన విషయాన్ని వేరే చెప్పాలా అనుకున్నాను. క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. ఇన్నేళ్ళలో అలా ఎప్పుడూ లేదు, అక్కడే నాకు అనుమానం రావలసింది.

ఆ తర్వాత బడి మెట్ల మీద నడవడానికి దారి దొరికేది కాదు. విరామం వస్తే చాలు, బాగా చదివేవాళ్ళు ఒక్కొక్కరు ఒక వెనకబడినవాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని లెక్కలు చేయించేవారు. తిట్లు, మొట్టికాయలు, మధ్యలో మిక్చర్ పొట్లాలు. చూసి నేను పొంగిపోయాను. ఇంటికి వెళ్ళి మా అత్తమ్మకు గొప్పలు కూడా చెప్పుకున్నాను.

పరీక్ష రోజు నా క్లాసుకు ఎ సెక్షన్ సారే కాపలా. అయిపోయాక స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"మీ పిల్లలు మంచిగనే రాసిన్రు మేడం," అన్నాడు. "సగం టైముకే పెన్నులు మూసిన్రు. చేతులు కట్టుకొని కూసున్నరు, అందరు. నా దిక్కే చూసుకుంట."

ఆయనవన్నీ చాదస్తాలనుకున్నాను.

ఆదివారం నాంపల్లిలోని మా ఇంట్లో పేపర్లు దిద్దడానికి కూర్చున్నాను. అత్తమ్మ పక్కనే చిక్కుడుకాయలు తుంచుతోంది. మొదటి పేపరు నలభై. రెండోది నలభై. మూడోదీ నలభై వచ్చేసరికి కూడిక తప్పు చేస్తున్నానేమోనని లేచి ముఖం కడుక్కుని వచ్చాను. నాలుగోది కూడా నలభై. చూసి రాశారా అంటే అదీ కాదు, ఒక్కొక్కరి పద్ధతి ఒక్కోలా ఉంది. ఒకడు రెండు వాక్యాల్లో తేల్చింది ఇంకొకడు పేజీన్నర సాగదీశాడు. తేలికైన మొదటి భాగం నలభై మార్కులకు అందరూ రాశారు, మిగతా అరవై మార్కులూ అందరూ వదిలేశారు. పన్నెండు తెచ్చుకున్నవాడికి నలభై రావడం చూసి గంతేయాలనిపించింది. వంద తెచ్చుకున్న పిల్లకూ నలభయ్యే రావడం చూసి ఆ పేపరు చింపేయాలనిపించింది. ఒకే ఒక్కడికి ముప్పై తొమ్మిది, జవాబు పక్కన సెంటీమీటర్లు అని రాయడం మరిచిపోయాడు.

"అందరికి ఒక్కటే మార్కులా?" అంది అత్తమ్మ. "మంచిగున్నది. కొట్లాట లేదు."

సోమవారం క్లాసులో పేపర్లు పంచి చూపించి, మళ్ళీ కట్ట కట్టి బల్ల మీద పడేసి, "ఏందిది?" అని అరిచాను. వంద మార్కుల పిల్ల లేచి నిలబడింది.

"మీరే చెప్పిన్రు కద మేడం, వ్యాప్తి తగ్గాలని. వీళ్ళు వంద దాక ఎక్కాలంటే టైం సాలదు. మేము దిగుడే అల్కగున్నది."

"దిగితే దిగిన్రు, నలభై ఎందుకు?"

"పాస్ మార్కు ముప్పై అయిదు. ఇంక అయిదు సేఫ్టీకి."

అప్పుడు క్లాసంతా ముప్పై తొమ్మిదివాడి మీద పడింది. "వీడే మేడం! వీడు సెంటీమీటర్లు రాసుంటే వ్యాప్తి సున్నా ఉండె!" వాడు లేచి, తల వంచుకుని, "సారీ మేడం. మీరు ఆరో తరగతికి పోతె నా వల్లనే," అన్నాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బోర్డు వైపు తిరిగి, ఏమీ రాసి లేని చోట చాలాసేపు తుడిచాను.

కరస్పాండెంట్ గారి గదిలో మాత్రం పండగే. ఎ సెక్షన్ సగటు అరవై మూడు, వ్యాప్తి పద్నాలుగు. మాది సగటు నలభైకి కాస్త తక్కువ, వ్యాప్తి ఒకటి. "ఒక్కటి! మిల్లుల కూడ రాదు మేడం గిసొంటి మాల్," అని ఆయన కుర్చీలోంచి లేచారు. "పదో తరగతి మీదే."

నేను కోరుకున్నది నా చేతిలో పెట్టారు. పుచ్చుకుని రావచ్చు. కానీ వంద రాయగల పిల్ల నలభై దగ్గర కలం మూసుకుని కూర్చున్నది నా కళ్ళ ముందే ఉంది.

"ఇది మంచి మాల్ కాదు సార్," అన్నాను. "మంచి రంగును కడిగి తెల్లగ చేసిన్రు, గంతే. మల్ల పరీక్ష పెట్టుండ్రి. వాళ్ళకు ఎంతొస్తదో అంత రాయనీయుండ్రి."

"అట్లయితే ఫరక్ మల్ల పెరుగుతది. పదో తరగతి సారుకు పోతది."

"పోనీయుండ్రి," అన్నాను. మాట వెనక్కి తీసుకునేలోపే లేచి నిలబడ్డాను.

అంతసేపూ నా పిల్లల పేపర్లు ఒక్కొక్కటే తిప్పుతున్న ఎ సెక్షన్ సారు వాటిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "నాకొద్దు సార్," అన్నాడు.

"ఏంది?"

"నలభై కావాలనుకున్నరు, నలభై తెచ్చుకున్నరు. రేపు నేను నచ్చకుంటే? పబ్లిక్ పరీక్షల అందరు కల్సి సున్నా తెచ్చుకుందమనుకుంటే? సున్నా తెచ్చుకునుడు నలభై కంటే అల్కగ కద సార్."

కరస్పాండెంట్ గారి ముఖంలో రంగు దిగింది. గోడ మీది పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. "పదో తరగతి మీరే చెప్పుండ్రి మేడం," అన్నారు. "పరీక్ష కూడ మల్ల పెట్టుండ్రి. ఫరక్ గిరక్ నాకేం వద్దు."

బయటికి వస్తే మెట్ల నిండా మావాళ్ళే. ఇంకోసారి నా కోసం మార్కులు వదులుకుంటే కాళ్ళు విరగ్గొడతానని నోరు నొప్పి పుట్టేదాకా తిట్టాను. అందరూ పళ్ళికిలించారు. గుంపు కాస్త పలచబడ్డాక వంద మార్కుల పిల్ల దగ్గరికొచ్చి, మడతలు పడిన ప్రశ్నాపత్రం ఒకటి చేతికిచ్చింది. దాని వెనకవైపంతా చీమల్లాంటి అక్షరాలతో వదిలేసిన లెక్కలు.

"చెయ్యకుంటే చేతులు ఊకోలే మేడం," అంది. "చేతులు కట్టుకునే ముందు జల్ది జల్ది చేసిన. కరెక్టేనా?"

అక్కడే మెట్టు మీద కూర్చుని ఎర్ర కలం తీశాను. ఒక్క తప్పు లేదు. కింద పెద్దగా వంద వేశాను. నా భుజం మీదుగా తొంగిచూస్తున్న ముప్పై తొమ్మిదివాడు ఉలిక్కిపడ్డాడు.

"వంద ఏసిన్రా మేడం? వ్యాప్తి పెరుగుతది కద!"

"పెరగనీ రా," అన్నాను.