ఆమోసు ముఖం

మొన్న పక్కింటి తలుపుకు రంగు వేస్తుంటే టర్పెంటైన్ వాసన మా వంటింటి దాకా వచ్చింది. స్టవ్ కట్టేసి కూర్చుండిపోయాను. నాకది సుగుణమ్మ టీచర్ చీరకొంగు వాసన.

డెబ్బైల్లో పాతబస్తీ ఛత్రినాకలో మా ఇంటికీ ఆమె ఇంటికీ ఒకటే గోడ. మా బాపు యాకుత్‌పురా రైల్వే స్టేషన్లో ఊడ్చే పని చేసేవాడు. నాకు అక్షరాలు దిద్దించింది, టైపు నేర్చుకోమని పంపింది, నయాపూల్ దగ్గరి ఆఫీసులో ఉద్యోగానికి దరఖాస్తు రాయించింది టీచరే. బడి నుంచి రిటైరయ్యాక ఆమె మా చిన్న చర్చి గోడ మీద ప్రవక్తల బొమ్మలు వేయడానికి పూనుకుంది. యెషయా, యిర్మీయా పూర్తయ్యాక ఆమోసు దగ్గర ఆగింది. గొర్రెలు కాసుకుంటూ, మేడిపండ్లు ఏరుకుంటూ బతికిన మనిషి ఆయన. పేదల ఉసురు ఊరికే పోదని పెద్దల మొహం మీదే చెప్పినవాడు. ఆ ముఖం కోసం ఆమె మా బాపును కూర్చోమంది.

"నాది ప్రవక్త మొకమెట్లయితది టీచరమ్మా?" అని బాపు సిగ్గుపడ్డాడు.

"ఎండల పనిజేసిన మొకం కావాలె అన్నా. గది నీకుంది" అంది ఆమె.

మూడు ఆదివారాలు బాపు కదలకుండా కూర్చున్నాడు. బొమ్మ అచ్చం ఆయనే. నుదుటి ముడతలు, ఎడమ కనుబొమ మీది గాటుతో సహా. చర్చికి ఎవరు వచ్చినా మావాళ్లు సంబరంగా చూపించేవారు, ఈయన మన స్టేషన్ ఊడ్చే అన్న, ఈ పిల్ల వాళ్ల బాపు అని. నాకు భయం పట్టుకుంది. మా నాన్న రైల్వేలో గుమాస్తా అని ఆఫీసులో చెప్పుకున్నాను. మా హెడ్‌క్లర్కు క్రిస్మస్‌కు కుటుంబంతో మా చర్చికి వస్తానన్నాడు. ఆ రోజు బాపుకు డ్యూటీ ఉంది. గోడ మీది బాపు మాత్రం అక్కడే ఉంటాడు.

టీచర్ దగ్గరికి వెళ్లి ముఖం మార్చమన్నాను.

"మీ బాపును అడిగినవా బిడ్డా?"

"అడిగిన. ఆయనే మార్చుమన్నడు."

ఆమె కాసేపు నా కళ్లలోకి చూసింది. అబద్ధమని తెలిసిపోయింది. కుంచె తీసుకుంది. సాయంత్రానికల్లా గోడ మీద తెల్లగడ్డంతో, ఎవరిదీ కాని ముఖం ఒకటి మిగిలింది.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చిన బాపు ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. "మంచిగ రాలేదా టీచరమ్మా?" అని మెల్లగా అడిగాడు. టీచర్ ఒక్కసారి నావైపు చూసింది. చెప్పవలసింది నేను. నేల చూశాను.

"చెయ్యి వణుకుతుంది అన్నా. తప్పు నాదే" అంది ఆమె.

బాపు తిరిగి ఆమెనే ఓదార్చాడు, ఫికర్ చేయొద్దని.

పండుగనాడు హెడ్‌క్లర్కు వచ్చి, గోడ వైపు కూడా చూడకుండా కేకు తిని వెళ్లిపోయాడు. ఆ తర్వాత టీచర్ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఎప్పటిలాగే ఆఫీసు కబుర్లు అడిగేది. తిట్టి ఉంటే బాగుండేది. బాపు మాత్రం పోయేదాకా అందరితో చెప్పేవాడు, టీచరమ్మ తనను గీసింది గానీ పాపం ముసలితనం, చెయ్యి కుదరలేదని. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి వెళ్లేదాన్ని. ఒక్కసారి కూడా సరిదిద్దలేదు.

ఇప్పుడు ఎవరైనా మీ నాన్న ఏం చేసేవారని అడిగితే, స్టేషన్ ఊడ్చేవాడని తడుముకోకుండా చెబుతాను. వినవలసిన ఇద్దరూ లేరు.