అత్త కట్టిన అంటు

పక్కింటి అత్త పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను తిరువూరు బస్టాండులో ఉన్నాను. ముసురు పట్టి వారమైంది. ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నా కళ్ల ముందు రాగిరంగు లేత మామిడాకులు మాత్రం అలా కదులుతూనే ఉన్నాయి.

అత్త మాకు చుట్టం కాదు. రెడ్డిగూడెం దగ్గర మామిడి నర్సరీలో అమ్మతో కలిసి సంచుల్లో మట్టి నింపేది. టెంక మొక్కకు మంచి రకం పుల్లను అతికించి అంటుకట్టడం మగవాళ్ల పని. ఆడవాళ్లు కత్తి పడితే మొక్క బతకదనేవారు. అత్త మట్టితట్ట మోస్తూ వాళ్ల వేళ్లనే చూసేది. ఇంటికొచ్చాక, పంపు దగ్గర టెంకల నుంచి మొలిచిన మొక్కలకు అంటు కట్టేది. ప్లాస్టిక్ పట్టీ కొస నన్ను పట్టుకోమనేది.

"గట్టిగా లాగకే. దెబ్బకి కట్టు కడుతున్నామనుకో."

మొదటి ఏడాది అన్నీ ఎండిపోయాయి. అత్త ఒక్కో కట్టు విప్పి, ఆ గాయంలోకి చాలాసేపు చూసేది. "ఎక్కడ తప్పు చేశానో ఇవే చెబుతాయి" అనేది. ఆ చూపులో సాయంత్రాలు ఎలా కరిగిపోయేవో తెలిసేది కాదు.

ఒక వానాకాలం అంటుకట్టే మేస్త్రి జ్వరంతో పడిపోయాడు. కోసి తెచ్చిన మామిడి పుల్లలు వాడిపోతున్నాయి. యజమాని తల పట్టుకున్నాడు.

"నేను కడతానండి" అంది అత్త.

"నీకేం వచ్చమ్మా?"

"పది మొక్కలివ్వండి. చిగురు రాకపోతే మళ్లీ మట్టే మోస్తాను."

మూడు వారాలు ఆమెకు అన్నం సయించలేదు. ఒక పొద్దున చూస్తే పదిలో తొమ్మిది మొక్కలకు చిగుళ్లు.

"రేపట్నుంచి కత్తి నువ్వే పట్టు" అన్నాడు యజమాని.

"నేనొక్కదాన్నే అయితే వద్దండి. మావాళ్లకీ నేర్పుతాను."

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వసారాలో నర్సరీ ఆడవాళ్లకు నేర్పేది. అమ్మను పంపనని నాన్న మొండికేశాడు.

"ఆడోళ్లకి కత్తులెందుకు?"

"కూర తరిగేటప్పుడు అడగలేదేం తమ్ముడూ?" అంది అత్త.

నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. అమ్మ వసారాకు వెళ్లింది. అప్పటిదాకా ఏం చేస్తావని ఎవరడిగినా "కూలికెళ్తా" అనే అమ్మ, ఆ తర్వాత "అంటు కడతా" అనడం మొదలుపెట్టింది. ఆ మాట చెప్పేటప్పుడు తలెత్తేది. నేను టీచరునయ్యాక క్లాసులో వెనక వరుస ఆడపిల్లల్లో ఎవరైనా తలెత్తి జవాబు చెబితే, నాకు ఆ వసారానే గుర్తొస్తుంది.

సమాధి చేసి తిరిగొచ్చాక అత్త వాకిట్లోకి వెళ్లాం. పోయే ముందురోజు ఆమె అంటు కడుతూ సగంలో ఆపిన మొక్కలు వరుసగా ఉన్నాయి. అమ్మ కొంగు దోపుకుని కూర్చుంది. ఇంకొకామె వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత మరో ఇద్దరు. తలా ఒక మొక్క అందుకున్నారు. సన్నటి తుంపరలో వాళ్ల గాజుల చప్పుడు, తడిసిన పుల్లల మీద మెల్లగా కదిలే ఆ వేళ్లు.